బియ్యపు గింజంత గీత

మా అమ్మాయి అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో రెండు తువ్వాళ్ళ మధ్య పెట్టి ఒక రికార్డు తెచ్చింది. "దీని బరువుకు నా పుస్తకాలు రెండు అక్కడే వదిలేయాల్సి వచ్చింది నాన్నా" అని సణిగింది. నిజంగానే బరువు. 180 గ్రాముల రికార్డని అట్ట మీదే గొప్పగా రాసుకున్నారు. మా చిన్నప్పటి ఎల్పీలు 120, 140 గ్రాములకు మించేవి కావు. మధ్యలో డెబ్బయ్యోదశకపు చమురు కొరత రోజుల్లో వచ్చినవి అప్పడాల్లా వంగేవి కూడా.

అట్ట నిండా అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ముఖం. లీ ఫ్రీడ్‌లాండర్ తీసిన ఫొటో. పేరు 'ఇన్ ఎ సైలెంట్ వే'. 1969 ఫిబ్రవరి 18న న్యూయార్క్‌లో రికార్డు చేసి, ఆ జూలైలో విడుదల చేసిన ఆల్బమ్ ఇది. జాజ్‌లోకి ఎలక్ట్రిక్ వాద్యాలు తలుపు తోసుకుని రాకముందు, గడప దగ్గర చెప్పులు విడిచి నెమ్మదిగా వచ్చిన రోజు అది. ఆరు నెలల తర్వాత అదే మైల్స్ 'బిచెస్ బ్రూ'తో ఆ తలుపును బద్దలు కొట్టాడనుకోండి. పేరంతా దానికే వచ్చింది. నన్నడిగితే మాత్రం అసలు పని జరిగింది ఈ ముప్పై ఎనిమిది నిమిషాల్లోనే.

ఆ రికార్డును రెండు రోజుల పాటు విప్పలేదు. విప్పితే దేనితోనో పోల్చి చూడాలి. పోల్చాల్సిన ఆ పాత కాపీ విశాఖపట్నంలో ఉంది. దాని రెండో పక్కన, మొదటి నిమిషాల్లో, బియ్యపు గింజంత గీత ఒకటి ఉంది. దాన్ని గీసింది నేనే.

*

మా బాబాయి ఓడల్లో రేడియో ఆఫీసరు. అలాంటి ఉద్యోగం ఒకటుండేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఓడ నడిపేవాళ్ళు, ఇంజను చూసేవాళ్ళు, వండేవాళ్ళు పోగా, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మోర్సు కోడ్ వినడానికి ఒక మనిషి. అరేబియా సముద్రం మధ్యలో, మెరుపుల గరగరల్లో, పక్కనే ఇంకో నాలుగు ఓడలు టకటకలాడుతుంటే, తన ఓడ పేరును పిలుస్తున్న ఆ ఒక్క సన్నని కూతను పట్టుకోవడం ఆయన పని. "గోల లేని చోట వినడం ఎవరికైనా వస్తుందిరా" అనేవాడు.

మహారాణిపేటలోని వాళ్ళింట్లో ఒక గడియారం ఉండేది. తుక్కుకు పోతున్న ఓడ నుంచి తెచ్చుకున్నదట. దాని ముఖం మీద రెండు ఎర్రని ముక్కలు, రెండు ఆకుపచ్చ ముక్కలు, కోసిన పుచ్చకాయ బద్దల్లా. గంట దాటిన 15వ నిమిషం నుంచి 18 వరకు, 45 నుంచి 48 వరకు ఎరుపు. ఆ మూడేసి నిమిషాలు 500 కిలోహెర్ట్జ్ మీద ప్రపంచంలోని ఓడలన్నీ తమ మాట ఆపి వినాలి. ఎక్కడైనా ఎవరైనా మునిగిపోతూ బలహీనమైన సెట్టుతో పిలుస్తుంటే, ఆ మౌనంలోనైనా వినబడాలని ఏర్పాటు. ఆకుపచ్చ ముక్కలు మాటలతో నడిచే రేడియోకు. ఇంట్లో కూడా బాబాయి మాట్లాడుతూ మాట్లాడుతూ పెద్ద ముల్లు ఎరుపులోకి రాగానే టక్కున ఆగిపోయేవాడు. "ఈయనతో పోట్లాట కూడా తీరుబడిగా సాగదు, మధ్యలో మూడు నిమిషాలు సెలవు" అనేది పిన్ని.

ఇంటర్మీడియట్ చదవడానికి నన్ను వాళ్ళింట్లో పెట్టారు. అది 1984. బాబాయి తొమ్మిది నెలలు సముద్రం మీద, మూడు నెలలు ఇంట్లో. ముందు గదిలో గరార్డ్ రికార్డు ప్లేయరు, దాని కింద అల్మారాలో రికార్డులు ఉండేవి. ఓడ ఆగిన ప్రతి రేవులో పాత సామాను దుకాణాలు వెతికి కొన్నవి. ఒక్కోదాని వెనక పెన్సిలుతో రేవు పేరు, తేదీ రాసేవాడు. ఈ మైల్స్ రికార్డు వెనక 'న్యూయార్క్, 1971' అని ఉంది. అది కొన్నవాడికి అది జాజ్ అని తెలుసు గానీ, ఎలాంటి జాజో తెలియదట. అట్ట మీద ఆ మనిషి ఏదో వింటున్నట్టు కనిపించాడని కొన్నాడట. వృత్తి అలాంటిది.

పిన్నిది పాలకొల్లు. ఆమె దృష్టిలో సంగీతమంటే త్యాగరాజ కీర్తన, మిగిలినదంతా చప్పుడు. ఈ రికార్డు పెట్టినప్పుడల్లా "వీళ్ళింకా శ్రుతి చేసుకుంటున్నారా, మొదలెట్టారా?" అని వంటింట్లోంచి అడిగేది. ఆమెది తప్పని అనలేను. ఈ ఆల్బమ్ మొదటిసారి విన్నవాడెవడికైనా వచ్చే సందేహమే అది.

నాకు వయసు పదిహేను. రికార్డులు ముట్టుకోవద్దని బాబాయి ఎన్నడూ అనలేదు. ముట్టుకోమనీ అనలేదు. నేను రెండో దాన్ని పట్టించుకోలేదు.

*

ఆ రోజు వానాకాలం సాయంత్రం. డాల్ఫిన్స్ నోస్ మీద దీపస్తంభం అప్పుడే తిరగడం మొదలుపెట్టింది. బాబాయి ఎక్కడో దక్షిణ అమెరికా వైపు ఉన్నాడు. పిన్ని గుడికి వెళ్ళింది. రెండో పక్క పెట్టాను. ఆ పక్క మొదలే ఎంత మెత్తగా ఉంటుందంటే, ఎవరో పక్క గదిలో నిద్రపోతున్నారని తెలిసి వాయిస్తున్నట్టు ఉంటుంది. డ్రమ్స్ లేవు. ఎలక్ట్రిక్ పియానోలు నీటి మీద వెలుతురులా కదులుతుంటాయి. కింద కమానుతో లాగుతున్న బాస్ ఒకటి. పైన గిటారు ఒంటరిగా పాట ఎత్తుకుంటుంది.

అంతలో కరెంటు పోయింది. పాట నీరసించి, గొంతు బొంగురుపోయి, మూలిగి, ఆగింది. ముల్లు రికార్డు మీదే ఉండిపోయింది. అలా వదిలేస్తే కరెంటు వచ్చినప్పుడు పళ్ళెం దానంతట అదే తిరుగుతుంది, ఏ ప్రమాదమూ లేదు. ఆ మాట ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒక చేతిలో కొవ్వొత్తి పట్టుకుని, రెండో చేత్తో ముల్లు ఎత్తబోయాను. మైనం బొట్టు వేలి మీద పడింది. చెయ్యి అదిరింది. చీకట్లో ఆ చప్పుడు చిన్నదే, గోరుతో అట్ట మీద గీసినట్టు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. ఎల్పీ నిమిషానికి ముప్పై మూడుంబావు చుట్లకు కొంచెం ఎక్కువ తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. ఇరవై నిమిషాల పక్కలో ఒక్క మిల్లీమీటరు వెడల్పులో, ముల్లు నడిచే సన్నని గాళ్ళు ఏడెనిమిది ఇరుక్కుని ఉంటాయి. గాళ్ళకు అడ్డంగా బియ్యపు గింజంత గీత పడితే, అది దాదాపు యాభై గాళ్ళను కోస్తుంది. యాభై చుట్లు. చుట్టుకొకసారి 'టిక్'. మొత్తం నిమిషంన్నర. ఆ నిమిషంన్నరలో, ఆల్బమ్ అంతటిలోకీ నిశ్శబ్దమైన చోట, ప్రతి 1.8 సెకన్లకూ నా తప్పు వినబడుతుంది. డ్రమ్స్ లేని పాటకు నేను డ్రమ్మరునయ్యాను.

నాలుగు నెలలు ఆ భయంతో గడిచాయి. బాబాయి వచ్చాడు. మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక ఆ రికార్డే తీశాడు. నేను కెమిస్ట్రీ పుస్తకంలో తల దూర్చాను. మొదటి పక్క అయిపోయింది. రెండో పక్క మొదలైంది. టిక్. టిక్. టిక్. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. తల కొద్దిగా పక్కకు వంచాడు, హెడ్‌ఫోన్లలో ఏదో పట్టుకుంటున్నప్పుడు వంచినట్టు. యాభై టిక్కులూ అయ్యాయి. పాట అంతా నడిచి, చివరి దాకా వచ్చి ఆగింది. అప్పుడు నా వైపు చూశాడు. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.

"ఏమీ పోలేదురా. చివర్లో మళ్ళీ వస్తుంది" అన్నాడు.

అంతే. దాని గురించి ఆయన మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఓడల మీద ఒంటరిగా బతికేవాళ్ళు కొంచెం వేదాంతులవుతారని అనుకున్నాను. ఓదార్పుగా ఏదో అన్నాడనుకుని, తేలికపడి, నిద్రపోయాను.

*

1986లో ఇంజనీరింగ్ హాస్టలుకు వెళ్ళే ముందు ఆ రికార్డును క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాను. తొంభై నిమిషాల క్యాసెట్. ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలు. ఆల్బమ్ రెండు పక్కలూ కలిపి క్యాసెట్ ఒక వైపే సరిపోయింది. "రెండో సగం ఖాళీగా ఉంచడమెందుకు, నాకివ్వు" అని పిన్ని లాక్కుంది. రేడియోలో వచ్చిన కచేరీ ఒకటి పట్టి అందులో నింపింది. వాయించేది వాళ్ళ ఊరి కుర్రవాడు, మాండలిన్ శ్రీనివాస్. గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ళకే కచేరీ చేసినవాడు. పిన్ని చెప్పినప్పుడల్లా ఆ వయసు కొంచెం తగ్గేది.

అలా నా దగ్గర ఒక వింత వస్తువు తయారైంది. ఒక వైపు న్యూయార్క్, ఇంకో వైపు పాలకొల్లు. హాస్టల్లో తిప్పి తిప్పి విన్నాను. టిక్కులతో సహా.

బాబాయికీ పిన్నికీ ఆ క్యాసెట్ మీద ఒక వాదన ఉండేది. "కరెంటు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తే ముక్కున వేలేసుకుని మెచ్చుకుంటావు. కరెంటు గిటారు వాయించినవాడు చేసిన పాపమేమిటి?" అనేవాడాయన. నిజానికి రెండు చోట్లా జరిగింది ఒకటే. మైల్స్ ఎలక్ట్రిక్ పియానోలు తెచ్చినందుకు జాజ్ పెద్దలు కొందరు ఆయన్ను అమ్ముడుపోయాడన్నారు. శ్రీనివాస్ ఎనిమిది తీగల మాండలిన్‌ను అయిదు తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకుని సభలకు వచ్చినప్పుడు, దీనితో గమకం పలుకుతుందా అని పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాయించేవారు కారు. ఆయన పాడితే, ఈ పిల్లవాడు దాన్ని తీగల మీద పట్టుకునేవాడు. గమకం వేలికి రాకముందే చెవిలో ఉంది.

ఇటు ఆల్బమ్‌లో గిటారు వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ సంగతీ అలాంటిదే. ఇంగ్లండు నుంచి అమెరికాలో దిగి కొద్ది రోజులే అయింది. డ్రమ్మరు టోనీ విలియమ్స్ బృందంలో చేరడానికి వచ్చినవాణ్ణి మైల్స్ పిలిచి రేపు స్టూడియోకు రమ్మన్నాడు. రెండో పక్క మొదట్లో వచ్చేది కీబోర్డు వాయించే జో జావినుల్ రాసిన పాట, నిండా స్వరాల గుత్తులతో. మైల్స్ వాటన్నిటినీ తీసి పారేసి, ఒకే ఆధార స్వరం మీద నిలబెట్టాడు, మన తంబూర శ్రుతిలా. ఆపైన ఈ కుర్రవాడితో, గిటారు రానివాడిలా వాయించు అన్నాడట. మెక్‌లాఫ్లిన్ ఆ మాటను తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. భయపడుతూ, ఒక్కో స్వరాన్నీ తడుముకుంటూ అతను వాయించిందే రెండో పక్క మొదలు. సరిగ్గా దాని మీదే నేను గీత గీశాను.

ఆ గదిలో కూర్చున్నవాళ్ళను చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక్క రోజు పనికి వచ్చినవాళ్ళు తర్వాత తలా ఒక బృందం, తలా ఒక రాజ్యం పెట్టుకున్నారు. జావినుల్, వేన్ షార్టర్ కలిసి వెదర్ రిపోర్ట్. చిక్ కొరియా రిటర్న్ టు ఫరెవర్. హెర్బీ హాన్‌కాక్ హెడ్ హంటర్స్. టోనీ విలియమ్స్ లైఫ్‌టైమ్. మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రా. ఫ్యూజన్ అని తర్వాత పిలిచిన వంశవృక్షంలో సగం కొమ్మలు ఆ ఫిబ్రవరి రోజునే మొలిచాయి.

మెక్‌లాఫ్లిన్ అక్కడితో ఆగలేదు. 1975 నాటికి జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, ఘటం వినాయకరామ్‌లతో 'శక్తి' పెట్టాడు. చాలా ఏళ్ళ విరామం తర్వాత 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్ళీ కూర్చున్నప్పుడు, అతని పక్కన ఉన్నది శ్రీనివాస్. పేపరులో ఆ ఫొటో చూసి నేను క్యాసెట్ తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అటు వైపు మనిషి, ఇటు వైపు మనిషి, ఒకే వేదిక మీద. వెంటనే పిన్నికి ఫోను చేశాను. "పిన్నీ, నువ్వు శ్రుతి చేసుకుంటున్నారన్నావే, ఆ గిటారాయన మీ శ్రీనివాస్ పక్కన వాయిస్తున్నాడు" అన్నాను.

అవతల కాసేపు మౌనం. గడియారం ఎరుపులో ఉందేమో.

"అయితే శ్రుతి కుదిరిందన్నమాట" అంది.

ఇంకో సంగతి చాలా తర్వాత కనిపెట్టాను. ఆ ఆల్బమ్ రికార్డయింది 1969 ఫిబ్రవరి 18. శ్రీనివాస్ పాలకొల్లులో పుట్టింది అదే నెల 28. పది రోజుల తేడా. దీనికేమీ అర్థం లేదని తెలుసు. అయినా పిన్నికి చెప్పాను. 2014 సెప్టెంబరులో ఆయన నలభై అయిదేళ్ళకే పోయినప్పుడు ఆమె అన్నం ముట్టలేదు. "ఆ గిటారాయన ఎలా ఉన్నాడో" అని మాత్రం ఒకసారి అడిగింది.

*

సరే, కొత్త రికార్డు దగ్గరికి వద్దాం.

శబ్దం నాణ్యత కోసం ప్రాణం పెట్టే ఈ ఆడియోఫైల్ ముద్రణల లోకం ఒక ప్రత్యేకమైన మఠం. మూల టేపు ఎక్కడుంది, ఎన్నో తరం నకలు, లక్క పళ్ళెం మీద గాడి కోసినవాడెవడు, సగం వేగంతో కోశాడా పూర్తి వేగంతోనా, ముద్రించిన ఫ్యాక్టరీ ఏది అని గోత్రనామాలు అడిగినట్టు అడుగుతారు. సగం వేగం అంటే టేపునూ కోసే యంత్రాన్నీ రెండింటినీ సగం వేగంతో నడిపించడం. ముల్లుకు తీరిక దొరికి, సన్నని శబ్దాలను నీటుగా చెక్కుతుందని నమ్మకం. ఇంకొందరు నిమిషానికి 45 చుట్ల వేగమే శ్రేష్ఠమంటారు. నిజమే గానీ అందులో పక్కకు పట్టే నిమిషాలు తక్కువ. ఈ ఆల్బమ్‌లో మొదటి పక్కన పద్దెనిమిది నిమిషాల పాట ఒక్కటే ఉంది. దాన్ని మధ్యలో తెగ్గొట్టి లేచి ప్లేటు తిప్పమంటే, ఎంత గొప్ప శబ్దమైనా నాకొద్దు.

2022లో ఈ మఠంలో పెద్ద గొడవే జరిగింది. టేపు నుంచి నేరుగా గాడిలోకి, మధ్యలో డిజిటల్ గాలి కూడా సోకలేదని అందరూ నమ్మిన ఒక అమెరికన్ సంస్థ, 2011 నుంచీ చాలా రికార్డులకు మధ్యలో డిజిటల్ నకలు వాడుతోందని తేలింది. తేల్చింది ఎవరి బంగారు చెవులూ కావు. ఫీనిక్స్‌లో రికార్డుల దుకాణం నడిపే ఒకాయన బయటపెడితే, సంస్థ ఒప్పుకుంది. అప్పటిదాకా పదేళ్ళు అవే రికార్డుల్లో డిజిటల్ వల్ల కాని వెచ్చదనం ఉందని పేజీలు రాసినవాళ్ళు ఏమైపోయారో. నాకు మాత్రం బాబాయి గుర్తొచ్చాడు. ఆయనైతే ఏమనేవాడో ఊహించుకుని నవ్వుకున్నాను.

మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక విప్పాను. ముల్లు దింపాను. నిశ్శబ్దం. నిశ్శబ్దమంటే ఇన్నాళ్ళూ నేనెరిగిన గరగరల నిశ్శబ్దం కాదిది. అసలు యంత్రం నడుస్తోందా అని వంగి చూశాను. అంతలో మొదటి పక్క మొదలైంది. టోనీ విలియమ్స్ హై-హ్యాట్ తాళాల మీద కర్రతో అదేపనిగా వేసే సన్నని దరువు, క్యాసెట్‌లో ఇసుక రాలినట్టు వినబడేది, ఇప్పుడు ఒక్కొక్క దెబ్బా ఇత్తడిలా మోగింది. మూడు కీబోర్డులూ మూడు చోట్ల కూర్చుని ఉన్నాయి. ఇవన్నీ మీకు చెప్పనక్కర లేదు, ఎవరైనా చెబుతారు.

రెండో పక్క పెట్టాను. గిటారు ఎత్తుకుంది. నా వీపు బిగుసుకుంది. టిక్ రాలేదు. ఒకటి, రెండు, పది... అది రావాల్సిన ప్రతిచోటా నా లోపల ఏదో తట్టుకుంటోంది, చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టు. నలభై ఏళ్ళు ఆ గీతకు అలవాటుపడ్డ చెవికి బాగుపడ్డ పాట కుంటిదానిలా వినిపించింది. నాలుగు నిమిషాలయ్యాయి. పాట మారింది, దరువు వచ్చింది, మైల్స్ ట్రంపెట్ వచ్చింది, టోనీ అంతసేపూ దాచుకున్న చేతులు విప్పి ఒక్కసారి కురిసి వెనక్కి తగ్గాడు. ఆపైన మళ్ళీ ఆ మొదటి పాట. గిటారు, కమాను, నీటి మీద వెలుతురు.

అప్పుడు కూర్చున్నవాణ్ణి లేచాను.

ఇన్నేళ్ళూ నేను దాన్ని రెండోసారి వాయించారనే అనుకున్నాను. మొదట భయంభయంగా వాయించి, చివర్లో కుదురుకుని ఇంకొంచెం హాయిగా వాయించారని. హాస్టల్లో స్నేహితులకు ఆ తేడా వివరించి చెప్పేవాణ్ణి కూడా. ముల్లు ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టాను. మళ్ళీ చివర్లో. మళ్ళీ మొదట్లో. తీగ మీద వేలు జారిన చిన్న చప్పుడు రెండు చోట్లా ఒకేచోట ఉంది. సాక్సఫోన్ ఊపిరి తీసుకున్నదీ ఒకే తీరు. రెండూ ఒకటే. వాయించింది ఒక్కసారే. నిర్మాత టియో మసేరో బ్లేడుతో టేపు కోసి, ఆ నాలుగు నిమిషాల నకలును చివర్లో మళ్ళీ అతికించాడు. మొదటి పక్కన కూడా అదే పని చేశాడు.

ఇందులో రహస్యమేమీ లేదు. జాజ్ పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. 2001లో ఆ రికార్డింగులన్నీ కలిపి పెట్టెగా వచ్చినప్పుడు కోయని ముక్కలు కూడా బయటికొచ్చాయి. నేనే చదవలేదు. మధ్యలో సీడీ కొన్నాను గానీ కారులో పెట్టుకున్నాను, ఆఫీసు పావుగంట దూరం, చివరి నాలుగు నిమిషాల దాకా ఏనాడూ చేరలేదు. పూర్తిగా విన్నది ఆ క్యాసెట్టే. అందులో మొదటిదానికి టిక్కులున్నాయి, రెండోదానికి లేవు. నేను గీసిన గీతే ఒకదాన్ని రెండు చేసి చూపించింది. భయంగా వాయించిన మొదటిసారి, హాయిగా వాయించిన రెండోసారి. ఆ భయం మెక్‌లాఫ్లిన్‌ది కొంత, మిగిలింది నాది.

ఏమీ పోలేదురా. చివర్లో మళ్ళీ వస్తుంది.

రాత్రి ఒంటిగంటన్నరకు హాల్లో నిలబడి, ఆ మాట వేదాంతం కాదని నాకు తెలిసింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. గరగరల్లోంచి ఓడ పేరును పట్టుకున్న చెవులకు యాభై టిక్కులు ఒక లెక్కా? ఆయన టిక్కుల వెనక ఉన్నది విన్నాడు. అది చివర్లో శుభ్రంగా తిరిగి వచ్చినప్పుడు, ఇది అదే అని గుర్తుపట్టాడు. నేను పాడుచేసిన నిమిషంన్నర, అక్షరం పొల్లుపోకుండా, అదే రికార్డు మీద, రెండంగుళాల అవతల ఉంది.

*

తరువాతి వారం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రికార్డును రాత్రంతా నిలబెట్టే పట్టుకున్నాను, పడుకోబెడితే వంగుతుందని. పిన్నికి ఇద్దామని క్యాసెట్ కూడా తెచ్చాను.

బాబాయికి ఇప్పుడు ఎనభై నాలుగు. ఉపగ్రహాలొచ్చి 1999లో రేడియో ఆఫీసర్లు అక్కర్లేకుండా పోయాక ఇంట్లోనే ఉన్నాడు. రెండు చెవులకూ యంత్రాలు. హెడ్‌ఫోన్లలో ముప్పై అయిదేళ్ళ కూతలు విన్న చెవులు, సన్నని శబ్దాలు ముందే పోయాయి. గడియారం గోడ మీదే ఉంది, ఆగిపోయి. ఉప్పుగాలికి ఎర్రని ముక్కలు గులాబీ రంగుకు వచ్చాయి.

గరార్డ్‌ను కిందటేడే బాగు చేయించాను. దాని బరువైన ముల్లు కింద ఆ ఖరీదైన ముద్రణను పెట్టానని తెలిస్తే మఠం వాళ్ళు నన్ను వెలివేస్తారు. పెట్టాను. మొదటి పక్కకు ఆయన ఏమీ అనలేదు. అసలెంత వినబడుతోందో తెలియలేదు. అడగలేదు.

రెండో పక్క మొదలైంది. గిటారు వచ్చిన కాసేపటికి ఆయన తల కొద్దిగా పక్కకు వంగింది. కుర్చీ చేతి మీద ఉన్న చూపుడు వేలు లేచి, పడింది. కాసేపాగి మళ్ళీ లేచి, పడింది. తాళం వేస్తున్నాడనుకున్నాను. ఆ పాటలో తాళం లేదు. గడియారం నడవడం లేదు కాబట్టి నా చేతి గడియారం చూసుకున్నాను. వేలు రెండు సెకన్లకు ఒక పిసరు ముందే పడుతోంది. నిమిషంన్నర పాటు పడింది. తర్వాత ఆగింది.

దరువు వచ్చింది, పోయింది. మళ్ళీ గిటారు ఎత్తుకుంది. నేను పాట వదిలేసి ఆ వేలునే చూస్తూ కూర్చున్నాను. అది కదల్లేదు. ఆయన కళ్ళు మూసుకునే, నవ్వుతున్నాడు.

ముల్లు చివరి గాడిలో తిరుగుతోంది. వంటింట్లోంచి పిన్ని గొంతు వినబడింది.

"మీది అయిపోయినట్టుంది. ఇక నా సగం పెట్టండి."